కబడ్డీలో కండ సరే, బుర్ర మాటేమిటి?

2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలైన రోజే గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. ఆ పోటీల పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది అదే. అంతమంది ఎగబడి వచ్చారంటే ఈ ఆటంటే ఇక్కడ ఎంత మోజో అర్థమవుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కబడ్డీ గురించి సలహా ఇవ్వలేనివాళ్లు అరుదు. ఆ సలహాల్లో కొన్నింటిని మాత్రం సరిదిద్దక తప్పదు.

అపోహ: రైడ్ తెలివి పుట్టుకతో రావాలి, నేర్పితే రాదు.

వాస్తవం: కూతకు వెళ్లినవాడికి ఉండేది 30 సెకన్లు. ఆ కాసేపట్లో వాడు చూడాల్సినవన్నీ కంటికి కనిపించేవే. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ దక్కుతుంది. ముగ్గురే మిగిలితే, వాళ్లకు చిక్కినప్పుడు అవతలివాళ్లకు రెండు పాయింట్లు దక్కుతాయి. ముందు రెండు రైడ్లు ఖాళీగా పోయి ఉంటే మూడోదాంట్లో పాయింట్ తేవాలి, లేదా అవుట్. ఇక లెక్క చూడండి. నిమిషం ఆట మిగిలింది, మన జట్టు రెండు పాయింట్లు ముందుంది, ఎదుట ముగ్గురున్నారు, ఇది మూడో రైడ్ కాదు. అలాంటప్పుడు బాక్ లైన్ దాటి, ఎవరినీ కెలక్కుండా వెనక్కి రావడమే తెలివి. అదే రెండు పాయింట్లు వెనకబడి ఉంటే ఆ రైడరే లోపలికి చొరబడాలి. స్కోరు, సమయం, మనుషుల లెక్క ముందే చెప్పి రోజూ ఇలాంటి చిన్న ఆటలు ఆడిస్తే ఈ ఆలోచన అలవాటవుతుంది.

అపోహ: ఒకే పట్టు వందసార్లు పట్టిస్తే చాలు.

వాస్తవం: కదలకుండా నిలబడ్డవాడి మడమ పట్టడం వల్ల చేతికి పట్టు తెలుస్తుంది, ఎప్పుడు దూకాలో తెలియదు. బోనస్ గీత దాటేటప్పుడు రైడర్ వెనక కాలు గాల్లో ఉండాలన్నది నియమం. అంటే ఆ క్షణాన వాడు ఒంటికాలి మీద ఉన్నాడు. కార్నర్ ఆటగాడు కాచుకోవాల్సింది దాని కోసమే. నిజంగా బోనస్ కోసం వచ్చే రైడర్ ఎదురుగా లేకుండా ఆ క్షణాన్ని పసిగట్టడం రాదు. కొత్తవాళ్లకు మొదట్లో నిలబెట్టి పట్టు నేర్పడం తప్పు కాదు, దెబ్బలు తగలకుండా ఉండాలి కదా. నెలలు గడిచినా అక్కడే ఆగిపోతేనే చిక్కు.

అపోహ: గీత బయట నుంచి గొంతు చించుకునేవాడే కోచ్.

వాస్తవం: "లెఫ్ట్ పో, బోనస్ కొట్టు" అని ప్రతిదీ చెప్పించుకునే కుర్రాడు గోల ఎక్కువైన రోజు దిక్కులు చూస్తాడు. రైడ్ అయ్యాక "ఏం జూసి లోపలికి పోయినవ్‌రా?" అని అడగండి. "కవర్ ముందుకొచ్చిండు సార్, కార్నర్ ఒక్కడే అయిండు" అన్నాడంటే పట్టుబడి వచ్చినా సరే, వాడికి ఆట అర్థమవుతున్నట్టే. పాయింట్ తెచ్చి కూడా "ఊకెనే" అన్నవాడితోనే ఎక్కువ పని ఉంది.

అపోహ: కబడ్డీ మన రక్తంలో ఉంది, వేరేవాళ్లకు అబ్బదు.

వాస్తవం: 2016 ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 34-32తో ఓడించింది. 2018 ఆసియా క్రీడల మహిళల ఫైనల్లో ఇరాన్ 27-24తో మన స్వర్ణం ఎగరేసుకుపోయింది. ఆ ఇరాన్ జట్టుకు కోచ్ మహారాష్ట్రకు చెందిన శైలజా జైన్.