బాగుందన్నది పిల్లలే!

ఉద్యోగి వయసు 10 ఏళ్లు. పని... పుస్తకం చదివి ఎలా ఉందో రాసివ్వడం. కూలి ఒక షిల్లింగు!

1936లో లండన్‌లో జరిగిన సంగతిది. ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఒకాయన తన పిల్లల కోసం అల్లిన కథ రాతప్రతి ‘జార్జ్ అలెన్ అండ్ అన్‌విన్’ అనే ప్రచురణ సంస్థకు చేరింది. ఆ ప్రొఫెసర్ పేరు టోల్కీన్. సంస్థ అధిపతి స్టాన్లీ అన్‌విన్‌ది ఓ నమ్మకం. పిల్లల పుస్తకం బాగుందో లేదో తేల్చాల్సింది పిల్లలేనని. అందుకే ఆ కట్టను కొడుకు రేనర్ చేతిలో పెట్టాడు. రేనర్ చదివాడు. అక్షర దోషాలతోనే చిన్న రిపోర్టు రాసిచ్చాడు. మ్యాపులుంటే చాలు బొమ్మలు అక్కర్లేదన్నాడు. 5 నుంచి 9 ఏళ్ల పిల్లలందరికీ నచ్చుతుందని తేల్చాడు. తనకు పదేళ్లు మరి, పెద్దవాడయ్యాడు కదా!

ఆ పుస్తకమే ‘ది హాబిట్’. 1937 సెప్టెంబరు 21న 1500 ప్రతులతో వచ్చింది. డిసెంబరుకల్లా ఒక్కటీ మిగల్లేదు.

కథ అక్కడితో ఆగలేదు. తరవాతి భాగం రాయమని ప్రచురణకర్తలు అడిగితే టోల్కీన్ ఏళ్ల తరబడి రాస్తూ పోయాడు. చివరికి తేలింది వెయ్యికి పైగా పేజీల ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’. అంత లావు పుస్తకం ఎవరు కొంటారు? అప్పటికి రేనర్ పెద్దవాడై తండ్రి సంస్థలోనే పనిచేస్తున్నాడు. దీన్ని వేస్తే వెయ్యి పౌన్లు నష్టం రావచ్చని లెక్కగట్టాడు. అయినా ఇది గొప్ప రచన అని తండ్రికి రాశాడు. నువ్వంతగా నమ్మితే ఆ వెయ్యి పౌన్లూ పోనివ్వమని తండ్రి బదులిచ్చాడు. 1954, 55ల్లో మూడు భాగాలుగా వచ్చిన ఆ నవలే తరవాతి ఫాంటసీ రచయితలెందరికో దారి చూపింది.

మెట్లు దిగొచ్చిన తీర్పు

అరవై ఏళ్లు గడిచాయి. ఊరు మళ్లీ లండనే. జె.కె. రౌలింగ్ రాసిన మొదటి నవలను ఒకరి తరవాత ఒకరుగా 12 మంది ప్రచురణకర్తలు వద్దన్నారు. పిల్లల పుస్తకానికి ఇంత నిడివా అన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. ఆ తరవాత అది బ్లూమ్స్‌బరీ సంస్థకు వచ్చింది. అక్కడి సంపాదకుడు బ్యారీ కనింగ్‌హామ్‌కి నచ్చింది. సంస్థ అధిపతి నిగెల్ న్యూటన్ మొదటి కొన్ని అధ్యాయాలను ఇంటికి పట్టుకెళ్లి 8 ఏళ్ల కూతురికి ఇచ్చాడు. ఆ పాప తన గదిలోకి వెళ్లింది. గంట తరవాత మెట్లు దిగి వచ్చి, నువ్వు ఇప్పటిదాకా ఇచ్చినవాటన్నిటికంటే ఇదే బాగుందని చెప్పేసింది. మిగతా కథ ఏదంటూ తండ్రిని నెలల తరబడి వదల్లేదు!

1997 జూన్ 26న ‘హ్యారీ పోటర్’ మొదటి పుస్తకం వచ్చింది. గట్టి అట్టతో తొలిసారి అచ్చువేసింది 500 ప్రతులే. ఆ ఏడాదే దానికి స్మార్టీస్ బహుమతి దక్కింది. తుది జాబితాలోంచి విజేతను ఎంచింది మళ్లీ పిల్లలే. ఇప్పటికి ఏడు పుస్తకాలూ కలిపి ప్రపంచవ్యాప్తంగా 60 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

చదువంటే గిట్టని కొడుకు కోసం

అమెరికాలో రిక్ రియోర్డన్ స్కూలు టీచరు. పెద్దల కోసం డిటెక్టివ్ నవలలు రాసేవాడు. ఆయన కొడుక్కి అక్షరాలు కుదురుగా కనిపించని డిస్లెక్సియా, ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ. బడి అంటేనే బెంగ. వాడికి నచ్చిందల్లా గ్రీకు పురాణాలు. రోజూ రాత్రి తండ్రి అవే చెప్పేవాడు. అన్నీ అయిపోయాయి. ఇంకా కావాలన్నాడు కొడుకు. దాంతో రియోర్డన్ సొంతంగా ఓ కుర్రాణ్ని సృష్టించాడు. వాడికీ అవే ఇబ్బందులు. కానీ వాడు దేవుడి కొడుకు! ఆ ఇబ్బందులే వాడి బలాలు. మూడు రాత్రులు సాగిందా కథ. అయ్యాక కొడుకు అన్నాడట... దీన్ని రాసెయ్యమని.

రియోర్డన్ రాశాడు. ప్రచురణకర్తలకు పంపేముందు తన విద్యార్థుల్లో కొందరికి చదవమని ఇచ్చాడు. వాళ్లు సరేనన్నాకే అది బయటికి వెళ్లింది. అలా 2005లో వచ్చిందే ‘పెర్సీ జాక్సన్’ మొదటి నవల ‘ది లైట్‌నింగ్ థీఫ్’. చదవలేనని కుంగిపోయే పిల్లలు ఎంతోమంది అందులో తమను చూసుకున్నారు.

‘ఎరగాన్’ది మరో దారి. మోంటానా రాష్ట్రంలో ఇంట్లోనే చదువుకున్న క్రిస్టఫర్ పావొలీని 15 ఏళ్లకే డ్రాగన్ల కథ మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్లే దాన్ని అచ్చువేయించారు. పాతకాలం యోధుడి వేషం కట్టి స్కూళ్లూ లైబ్రరీలూ తిరుగుతూ 135కు పైగా ప్రసంగాలిచ్చాడు క్రిస్టఫర్. 2002 వేసవిలో రచయిత కార్ల్ హయాసెన్ కుటుంబం అటువైపు విహారానికి వెళ్లింది. ఆయన భార్య కొడుకు ఆ పుస్తకం కొని, చదివి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. హయాసెన్ ఆ మాటను తన ప్రచురణకర్తల చెవిన వేశాడు. 2003లో అదే పుస్తకం పెద్ద సంస్థ నుంచి వచ్చి దేశమంతా అమ్ముడైంది.

పెద్దల లెక్క వేరు

పెద్దలు పుస్తకాన్ని చూడగానే ఎన్ని పేజీలు, ఎంత ధర, ఏం నేర్చుకుంటారు అని ఆలోచిస్తారు. పిల్లల ప్రశ్న ఒక్కటే... తరవాతేమైంది? అందుకే 12 మంది పెద్దలు తేల్చుకోలేనిది ఒక పాప గంటలో తేల్చేసింది.

నిజానికి ఈ రుచి తెలుగు ఇళ్లకు కొత్త కాదు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, జ్వాలాద్వీపం, రాకాసిలోయ సీరియళ్ల కోసం ‘చందమామ’ ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో కాచుక్కూర్చున్న పిల్లలే ఇవాళ్టి తాతయ్యలు, అమ్మమ్మలు. మనవడు డ్రాగన్ల పుస్తకంలో మునిగితే ‘ఈ దయ్యాల కథలెందుకు, లెక్కలు చేసుకో’ అనేముందు వాళ్లు ఆ రోజుల్ని ఓసారి గుర్తుచేసుకోవాలి!

ఎవరికి ఏది?

* 9, 10 ఏళ్లవాళ్లకు ‘ది హాబిట్’. మొదట్లో పెద్దలు పైకి చదివి వినిపిస్తే ఇంకా బాగుంటుంది.
* పురాణ కథలు ఇష్టమైతే, పుస్తకమంటే విసుక్కుంటుంటే ‘పెర్సీ జాక్సన్’.
* ‘హ్యారీ పోటర్’ మొదటి మూడూ చిన్నవాళ్లకు సరిపోతాయి. నాలుగో పుస్తకం నుంచి భయాలూ చావులూ ఎక్కువ. కొంచెం ఆగి ఇవ్వడం మేలు. మొదటి పుస్తకం ‘పరుసవేది’గా తెలుగులోనూ వచ్చింది.
* 12 దాటితే ‘ఎరగాన్’. లేదా అర్సులా లె గ్విన్ 1968లో రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. మంత్రవిద్యల బడి అందులోనూ ఉంది.
* ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’కి తొందరొద్దు. 14 ఏళ్లు దాటాక అయినా సరే.

ఇచ్చేటప్పుడు కథంతా చెప్పేయకూడదు. ఇంతకుముందు ఏది నచ్చిందో అడిగి, అలాంటిదే ఇవ్వాలి. సిరీస్ మొత్తం ఒకేసారి కొనకుండా మొదటిది మాత్రమే తేవాలి. 50 పేజీలు చదివాక నచ్చకపోతే వదిలేసే స్వేచ్ఛ ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం... పిల్లలు ఏదైనా బాగుందంటే పెద్దలూ దాన్ని చదవడం. స్టాన్లీ అన్‌విన్ చేసిందల్లా కొడుకు మాటకు విలువివ్వడమే. ఈ ఆదివారం ఇంట్లో ఎవరైనా లావుపాటి పుస్తకంతో మూలన కూర్చుని ఉంటే, ‘ఎలా ఉందిరా?’ అని అడిగి చూడండి. షిల్లింగు ఇవ్వక్కర్లేదు. చెప్పేది చివరిదాకా వింటే చాలు!