ఆదరణకు నోచుకొనని యొక పాటల సంపుటము

1968వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ఇంగ్లండు దేశమున రెండు పాటల సంపుటములు ఒకే దినమున వెలువడెను. మొదటిది బీటిల్సు బృందమువారిది. దానిని జనులు ఎగబడి కొనిరి. రెండవది కింక్స్ అను బృందమువారిది. ‘విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ’ యని దానిని పిలిచెదరు. దానికి అమ్మకముల పట్టికలో చోటైనను దొరకలేదు. ఈ రెండవదానిని గూర్చి మన విద్యార్థులకు కొంత తెలుపుట ఈ వ్యాసోద్దేశము.

కింక్స్ బృందము అనామకమైనది కాదు. రే డేవిస్, డేవ్ డేవిస్ అను లండను సోదరులును, పీట్ క్వైఫ్, మిక్ ఏవరీ అనువారును ఇందలి నలుగురు. 1964లో వీరు వెలువరించిన ‘యూ రియల్లీ గాట్ మీ’ యను పాటలోని కరకు గిటారు ధ్వని తరువాతి రాక్ సంగీతమునకు దారి చూపెను. అట్టివారే నాలుగేండ్లకు, తోడి బృందములు హోరు పెంచుచుండగా, తమ స్వరమును తగ్గించి పల్లెబయలును గూర్చి పాడిరి. ఆనాడు వినినవారు కొలదిమందియే యగుట వింత కాదు.

విలేజ్ గ్రీన్ అనగా ఆంగ్లేయుల పల్లె నడుమ అందరికిని ఉమ్మడిగా నుండు పచ్చికబయలు. మన రచ్చబండ చుట్టునుండు చోటువంటి దనుకొనుడు. సంపుటమున 15 పాటలు గలవు. అన్నిటిని వ్రాసినవాడు రే డేవిస్. ఒకదానియందు ఆవిరియంత్రపు రైలుబండి, ఒకదానియందు ఛాయాచిత్రముల పుస్తకము, ఒకదానియందు వాల్టరు అను చిన్ననాటి చెలికాడు కనబడుదురు. పాతదానిని పొగడుటయే కవి యుద్దేశమని తొలుత తోచును. శ్రద్ధతో వినినచో వేరొకటి తెలియును. వాల్టరు ఇప్పుడు మునుపటి వాల్టరు కాడు. బొమ్మలు చూచినంతమాత్రమున గడచిన దినము మరలి రాదు. మమకారమును సందేహమును ఒకే గొంతున పలుకుట ఈ పాటలయందలి విశేషము.

సోమశిలవారికి ఈ భావము తెలియుటకు వ్యాఖ్యానమక్కరలేదు. శ్రీశైలం జలాశయమునందు కృష్ణాతీరపు పల్లెలు పెక్కు 1981 ప్రాంతమున మునిగినవి. మన యూరి ప్రాచీన దేవాలయములను విప్పి మెరకనేలపై మరల నిలిపిరి. రాతిని మోయవచ్చును గాని, పాత రేవును, చెట్టునీడను, ఇరుగుపొరుగు వరుసను ఎట్లు మోయగలము? పాటలును పెద్దల మాటలును ఆ పని కొంత చేయగలవు.

ఈ సంపుటము తరువాతి కాలమున విమర్శకుల మన్ననను విశేషముగా పొందినది. కావున విద్యార్థులు దీనిని ఒకటి రెండు పాటలతో విడువక, మొదటినుండి తుదివరకు వరుసగా వినవలెను. వినిన పిమ్మట ఇంటి పెద్దలనడిగి, మునిగిన యూళ్ల పేర్లను, పొలముల పేర్లను, పండుగనాటి పాటలను వ్రాసి యుంచవలెను. చెప్పగలవారు ఇంకను మన నడుమ నున్నారు.