పేపరు అందరిదీ, పాస్‌వర్డు ఒక్కరిదే!

భవానీపురం హాస్టల్లో మేమున్న రోజుల్లో పేపరు రాగానే విడదీసేవాళ్లం. ఆటల పేజీ ఒకరికి, సంపాదకీయం మరొకరికి, జిల్లా పేజీలు ఇంకొకరికి. రాత్రికి అన్నీ మళ్లీ వార్డెన్ గారి బల్ల మీదికి చేరేవి. ఒక్క కాపీని నలభైమంది చదివినా అదేం తప్పని ఎవరూ అనలేదు.

పీజీలో చేరాక పోటీ పరీక్షల కోసం నలుగురు మిత్రులం తలాకొంత వేసుకుని ఒక ఇంగ్లీషు పత్రికకు డిజిటల్ చందా కట్టాం. ఖాతా నా పేరున, ఫోన్ నంబరు నాది. రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒకరు తెరిస్తే మరొకరి ఫోనులో మూతపడేది. "అన్నా, ఓటీపీ వచ్చిందా?" అంటూ అర్ధరాత్రి ఫోన్లు. చివరికి ఖాతాయే ఆగిపోయింది. డబ్బు కట్టింది మేమే కదా, ఈ అడ్డేమిటని కోపం వచ్చింది. అప్పుడు గానీ నిబంధనలు చదవలేదు.

తేడా ఎక్కడుంది?

కాగితం పేపరు కొంటే ఆ కాపీ మన సొంతం. పక్కవాడికి ఇవ్వవచ్చు, పాత పేపర్లవాడికి అమ్మవచ్చు. డిజిటల్ చందాలో మనం కొనేది పేపరు కాదు, గడువు ఉన్నంతకాలం చదువుకునే అనుమతి మాత్రమే. అది సాధారణంగా ఒక వ్యక్తికి, కొన్నిచోట్ల ఒక కుటుంబానికి ఇస్తారు. కాగితం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పోతుంది. పాస్‌వర్డు ఒకేసారి వందమంది దగ్గర ఉండగలదు. పత్రికల భయం అదే.

ఎలా కనిపెడతారు?

మనం లాగిన్ అయినప్పుడల్లా సర్వరు ఆ ఫోనుకు ఒక రహస్య గుర్తు ఇస్తుంది. దాన్నే టోకెన్ అంటారు. ఒక ఖాతా మీద ఎన్ని టోకెన్లు ఉన్నాయో లెక్కపెట్టి, పరిమితి దాటితే పాతదాన్ని రద్దు చేస్తుంది. ఐపీ అడ్రసు కూడా చూడవచ్చు. ఒకే గంటలో విజయవాడలోనూ విశాఖలోనూ తెరిస్తే అనుమానించి ఓటీపీ అడగవచ్చు.

"అయితే పీడీఎఫ్ గ్రూపులో పెట్టేద్దాం" అంటారు కొందరు. అదీ దారి కాదు. దైనిక్ జాగరణ్ ఈ-పేపరును టెలిగ్రామ్ ఛానెళ్లలో పంచుతున్నారని ఆ పత్రిక యాజమాన్యం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2020 మే నెలలో కోర్టు ఆ ఛానెళ్లను తొలగించమని, నడిపేవారి వివరాలు ఇవ్వమని టెలిగ్రామ్‌ను ఆదేశించింది.

మరి మన దారి?

మొదటిది, వార్త రాసిన వాక్యాల మీద హక్కు పత్రికది. అందులోని విషయం మీద ఎవరికీ కాపీరైటు లేదు. కాబట్టి చదివినవారు సొంత మాటల్లో నోట్సు రాసి నోటీసు బోర్డులో పెట్టవచ్చు. రాసినవాడికే ఎక్కువ గుర్తుంటుంది కూడా.

రెండవది, వ్యక్తి పేరున కాక సంస్థ పేరున చందా. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద కేంద్రమే డబ్బు కట్టి, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు సుమారు 13,000 జర్నళ్లు అందిస్తోంది. అది పరిశోధన పత్రికలకే. అయినా పద్ధతి మనకూ పనికొస్తుంది. హాస్టల్ పేరున చందా ఇస్తారా అని పత్రికలకు ఉత్తరం రాసి అడగవచ్చు.

ఇది మన ఊరికి కొత్త ఆలోచన కాదు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు సభ జరుపుకున్నారు. కొనలేనివాడు కూడా చదవాలన్నదే ఆ ఉద్యమం ఆశయం.

తమ్ముళ్లారా, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. బ్యాంకు ఖాతాకూ అదే నంబరు ఉంటుందని మరువకండి. పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నాకు ఇంగ్లీషు చదవడం అలవాటు చేసింది ఆ బల్ల మీది పేపరే. తలా కొంచెం వేసుకుని ఆ బల్ల మీద రెండు దినపత్రికలైనా రోజూ ఉండేలా చూద్దాం. దానికి పాస్‌వర్డు అక్కర్లేదు.