యంత్రానికి ఆడగొంతు ఎందుకు?

పిల్లలూ! మా అమ్మాయి ఇల్లు మాదాపూరులో ఉన్నది. మేడమీద నిలబడితే సైబర్ టవర్సు కనిపిస్తుంది. 1998లో ఆ భవనాన్ని తెరిచారు. తరవాత దాని చుట్టూ హైటెక్ సిటీ పెరిగింది. మా అమ్మాయి అక్కడే ఒక ఆఫీసులో కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాస్తుంది.

వాళ్ళింట్లో మాట్లాడే పెట్టె ఒకటి ఉన్నది. పాట పెట్టమంటే పెడుతుంది, లెక్క అడిగితే చెబుతుంది. మొన్న మా మనమడు దానిమీద విసుక్కుని, "నోర్ముయ్!" అన్నాడు.

"తప్పురా!" అన్నాను.

"అది యంత్రమే కదా, తాతయ్యా! దానికేం బాధ?" అన్నాడు వాడు.

వాడి చెల్లెలు ఊరుకోలేదు. "యంత్రమైతే ఆడగొంతుతో ఎందుకు మాట్లాడుతుంది?" అని అడిగింది.

మంచి ప్రశ్న! జవాబుగా వాళ్ళకు ఒక కథ చెప్పాను. కట్టుకథ కాదు, జరిగినదే.

అమెరికాలో జీన్ రాడెన్‌బెరీ అనే ఆయన టెలివిజను కోసం "స్టార్ ట్రెక్" అనే కథలు తలపెట్టాడు. రాబోయే కాలంలో మనుషులు ఒక నౌకలో నక్షత్రాల మధ్య తిరుగుతూ ఉంటారు. 1964లో నమూనాగా తీయటం మొదలుపెట్టిన కథలో, కెప్టెను తరవాతి అధికారి ఒక స్త్రీ. ఆ వేషం మేజెల్ బారెట్ వేసింది. టెలివిజను సంస్థ ఆ నమూనాను ఒప్పుకోలేదు. 1966లో కథలు ప్రసారమయ్యేసరికి ఆ పాత్రే లేదు! బారెట్‌కు నర్సు వేషం దక్కింది. నౌకలోని కంప్యూటరుకు గొంతు ఇచ్చిందీ ఆమే. చూశారా? ఆజ్ఞలిచ్చే స్త్రీ పోయి, ఆజ్ఞలు వినే గొంతు మిగిలింది!

అయితే ఆ నౌకలోనే ఉహురా అనే నల్లజాతి స్త్రీ అధికారి ఉన్నది. దూరాల నుంచి వచ్చే సందేశాలు ఆమె చూసేది. ఆ వేషం వేసిన నిషెల్ నికోల్స్ ఏడాది తరవాత మానుకోబోతే, మార్టిన్ లూథర్ కింగ్ వారించాడు. ఆమె మానలేదు. చిన్నతనంలో ఉహురాను చూసి ఉత్సాహం పొందిన మే జెమిసన్, 1992లో నిజంగానే అంతరిక్షానికి వెళ్ళింది. నల్లజాతి స్త్రీలలో అలా వెళ్ళిన మొదటి వ్యక్తి ఆమే. 2021లో మన తెలుగింటి ఆడపడుచు బండ్ల శిరీష కూడా సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళివచ్చింది.

కథలో చూసినది పసిమనసులో నాటుకుంటుంది. ఆడగొంతు ఎప్పుడూ సేవ చేస్తూ వినబడితే, అదీ నాటుకుంటుంది.

ఇంతలో మా అమ్మాయి ఆఫీసునుంచి వచ్చింది. "అమ్మా, నీళ్ళు తే!" అన్నాడు మనమడు, పెట్టెతో మాట్లాడిన గొంతుతోనే. అనేసి, నాలుక కరుచుకున్నాడు. లేచి వెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి తల్లికిచ్చాడు.

ఈసారి టెలివిజనులో కథ చూసేటప్పుడు మీరూ గమనించండి: అందులో నిర్ణయాలు ఎవరు చేస్తున్నారు? నీళ్ళు ఎవరు తెస్తున్నారు?