పెడల్ చెప్పే మాట వినండి!

తెల్లవారుజాము. టమోటా క్రేట్లతో నిండిన పికప్ మదనపల్లె మార్కెట్ దారి పట్టింది. పొలిమేర దాటగానే డ్రైవర్ క్లచ్ తొక్కాడు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. గేరు పడలేదు. నాలుగుసార్లు పంపు కొడితే ఎలాగో పడింది. మార్కెట్లో వేలంపాట ఎవరికోసమూ ఆగదు మరి!

ఇలాంటప్పుడు చాలామంది అనే మొదటి మాట 'క్లచ్ ప్లేటు పోయింది' అని. ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. ఖర్చు ఒకటి, బండి నిలిచిపోవడం మరొకటి. కిస్తీ కట్టాల్సిన ఇంటికి రెండూ బరువే. కానీ పెడల్ మెత్తబడితే దోషం ప్లేటుది కాకపోవచ్చు, చిన్న రబ్బరు కప్పుది కావచ్చు.

కేబుల్ బదులు ద్రవం

హైడ్రాలిక్ క్లచ్‌లో కేబుల్ ఉండదు. పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని గొట్టంలోకి నెడుతుంది. గేర్‌బాక్సు దగ్గరున్న స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో ఫోర్కును తోస్తుంది. ప్లేటు విడుతుంది, గేరు పడుతుంది. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. గొట్టంలో గాలి చేరితే పెడల్ స్పాంజిలా మారేది అందుకే.

తగ్గిందంటే లీకే

బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ద్రవం మట్టం కాస్త తగ్గుతుంది. క్లచ్‌లో అలా కాదు. ప్లేటు అరిగినంత మాత్రాన ద్రవం తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పెడల్ రాడ్డు దగ్గర, గొట్టం అతుకుల దగ్గర, స్లేవ్ రబ్బరు తొడుగు దగ్గర తడి ఉందేమో చూడాలి. కొన్ని బండ్లలో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే డబ్బా. అక్కడ నిర్లక్ష్యం మరీ ప్రమాదం.

ఎయిర్ తీయాలంటే ఇద్దరుండాలి

హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. సీట్లో ఉన్నవారు పెడల్ తొక్కి పట్టుకుంటే, కిందనున్నవారు స్లేవ్ నిపుల్ కొద్దిగా వదులు చేయాలి. బుడగలు వస్తాయి. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. బుడగలు ఆగేదాకా ఇదే వరస. మధ్యలో డబ్బా ఖాళీ అయితే పని మళ్లీ మొదటికే!

రాడ్డు తిప్పేముందు...

గేరు పడకపోతే రాడ్డు తిప్పి సరిచేయడం కొందరి అలవాటు. దానివల్ల లీకు ఆగదు, దాక్కుంటుందంతే. పెడల్‌కు కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలి. కొలత బండి పుస్తకంలో ఉంటుంది. ఆట బొత్తిగా లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టుకోదు. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు, మాడువాసన వస్తుంది. అప్పుడు నిజంగానే ప్లేటు పోతుంది.

వాడాల్సింది డబ్బా మూతపై రాసిన రకమే. సాధారణంగా డాట్-3 లేదా డాట్-4. ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి. ఈ ద్రవం గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్-3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్చడం మేలు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

చివరిగా ఒక్కమాట... గేరు మార్చాక కాలు పెడల్ మీద ఉంచకూడదు. వారానికోసారి డబ్బా మూత వైపు ఓ చూపు వేస్తే చాలు, తెల్లవారుజామున రోడ్డుమీద టమోటాలతో నిలబడే పని తప్పుతుంది.