తుక్కులో దొరికిన ఇంజిన్ తిరగాలంటే

ప్రమాదంలో నుజ్జయిన కారులో చాలాసార్లు ఇంజిన్ చెక్కుచెదరదు. విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల పాత ఇంజిన్లకు గిరాకీ ఉండేది అందుకే. పిస్టన్లు, వాల్వులు బాగానే ఉంటాయి, కంప్రెషనూ బాగుంటుంది. కానీ బండి విప్పేటప్పుడు వైరింగును అడ్డదిడ్డంగా కోసేస్తే ఆ ఇంజిన్‌కు బ్యాటరీ పెట్టి, పెట్రోలు అందించి సెల్ఫ్ కొట్టినా తిరుగుతుందే తప్ప అందుకోదు. ఇనుమంతా ఉన్నా యంత్రం సగమే ఉందన్నమాట. మిగతా సగం సెన్సర్లలోనూ, అవి చెప్పేది విని లెక్కగట్టే ఈసీయూలోనూ ఉంది. తెగిన తీగల్లో ఏది ముందు కలపాలన్నది అసలు ప్రశ్న. సెన్సర్లు చేసే పనులు కారులోకి ఏ వరసలో వచ్చాయో, పాత ఇంజిన్‌కు తీగలు కలపాల్సిన వరస కూడా దాదాపు అదేనని నా అభిప్రాయం.

1957లో అమెరికాలో బెండిక్స్ సంస్థ ఎలక్ట్రోజెక్టర్ పేరుతో పెట్రోలును విద్యుత్ వాల్వులతో చిమ్మే పద్ధతిని ప్రకటించింది. ఆలోచన సరైనదే. కానీ బానెట్ కింది వేడికీ తేమకూ ఆనాటి ఎలక్ట్రానిక్స్ తట్టుకోలేకపోయాయి. అది అమర్చిన కొద్దిపాటి కార్లలో చాలావాటికి మళ్లీ కార్బ్యురేటర్లే బిగించారు. బెండిక్స్ పేటెంట్ల ఆధారంగా జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1967లో డీ-జెట్రానిక్‌ను తెచ్చింది. పొగ మీద కొత్త నిబంధనలు పెట్టిన అమెరికాకు వెళ్లే ఫోక్స్‌వాగన్ 1600 కార్లకు దాన్ని బిగించారు. అందులో ప్రధానంగా తెలుసుకున్నవి మూడు: ఇంజిన్ ఏ స్థితిలో ఉంది, మానిఫోల్డులో గాలి ఒత్తిడి ఎంత, ఇంజిన్ ఎంత వేడెక్కింది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే లాంబ్డా సెన్సర్ వోల్వో కార్లలోకి వచ్చింది 1976లో. అంటే అది లేకుండానే తొమ్మిదేళ్లపాటు ఇంజెక్షన్ కార్లు రోడ్ల మీద నడిచాయి. ఏది ప్రాణం, ఏది మెరుగు అన్నది తేల్చడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మొదట కలపాల్సింది ఇంజిన్ స్థితిని చెప్పే క్రాంక్ సెన్సర్. డీ-జెట్రానిక్‌లో దాని పనిని డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్టులు చేసేవి. 1979లో బీఎండబ్ల్యూ 732ఐలో వచ్చిన మోట్రానిక్ అనే పద్ధతి ఆ పనిని ఫ్లైవీల్ దగ్గరి సెన్సర్లకు అప్పగించింది. పని పాతదే, సాధనం మారింది. చాలా ఇంజిన్లలో ఒక పళ్ల చక్రం ఉంటుంది: 60 పళ్లకు చోటు, ఉన్నవి 58. పక్కపక్కనే లేని ఆ రెండు పళ్ల ఖాళీయే ఈసీయూకు గుర్తు. నిమిషానికి 6000 చుట్ల వేగంలో ఒక్కో పన్ను సెన్సర్‌ను దాటడానికి పట్టేది సెకనులో ఆరువేలవ వంతు. అయస్కాంతమూ తీగచుట్టా ఉన్న రకమైతే వేగాన్ని బట్టి వోల్టేజీ పుడుతుంది. సెల్ఫ్ మీద ఇంజిన్ నిమిషానికి సుమారు 200 చుట్లే తిరుగుతుంది కాబట్టి సంకేతం బలహీనంగా వస్తుంది. సెన్సర్‌కూ పళ్లకూ మధ్య సందు మిల్లీమీటరును మించి పెరిగినా, ఇగ్నిషన్ కాయిల్ తీగ పక్కనే దీని తీగ పోయినా ఆ సంకేతం గల్లంతవుతుంది. రెండు తీగలూ తారుమారు చేస్తే మరో చిక్కు. అల తలకిందులై ఖాళీ ఉన్నచోటే లెక్క తప్పుతుంది, స్పార్క్ కొన్ని డిగ్రీలు అటూఇటూ జరుగుతుంది. మంచి ఇంజిన్‌ను పాడైపోయిందనుకుని పక్కన పడేయడానికి ఈ ఒక్క పొరపాటు చాలు.

తర్వాత ఒత్తిడి, ఉష్ణోగ్రత. నాలుగు సిలిండర్ల 1200 సీసీ ఇంజిన్‌లో థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఒక్కో సిలిండర్‌లోకి దాదాపు 0.36 గ్రాముల గాలి వెళ్తుంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి చొప్పున దానికి కావలసిన పెట్రోలు 24 మిల్లీగ్రాములు. థ్రాటిల్ మూస్తే మానిఫోల్డులో ఒత్తిడి పడిపోతుంది, గాలి తగ్గుతుంది, పెట్రోలూ తగ్గాలి. ఈ లెక్క కొలత లేకుండా సాగదు. కొలత నిజం కావాలంటే ఎర్త్ కూడా శుభ్రంగా ఉండాలి. అయిదు వోల్టుల కొలబద్ద మీద పదోవంతు వోల్టు తేడా అంటే రెండు శాతం తప్పు. అందుకే సెన్సర్ల ఎర్త్‌ను బాడీకి తోచినచోట బిగించకుండా విడి తీగతో ఈసీయూకే తేవాలి.

ఇంత తలనొప్పి ఎందుకు, కార్బ్యురేటర్ పెట్టేస్తే పోదా అని అడిగేవాళ్లుంటారు. పాత రకం ఇంజిన్‌కైతే ఆ మాట న్యాయమే. కానీ నేటి ఇంజిన్లలో డిస్ట్రిబ్యూటరే లేదు. ప్లగ్గుకు నిప్పు ఎప్పుడివ్వాలో కాయిల్‌కు తెలిసేది క్రాంక్ సెన్సర్ వల్లనే. పెట్రోలు ఎలా పోసినా దాని అవసరం తప్పదు. మరికొందరు ఇంజిన్ వేడిని కొలిచే కూలంట్ సెన్సర్ బదులు ఒక రెసిస్టర్ పెట్టి నెట్టుకురమ్మంటారు. సాధారణంగా ఆ సెన్సర్ నిరోధం 20 డిగ్రీల దగ్గర 2500 ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300. శాశ్వతంగా 300 ఓములు పెడితే మన ఎండల్లో ఇంజిన్ స్టార్ట్ కావచ్చు. అయితే ఎన్నో బండ్లలో రేడియేటర్ ఫ్యాన్‌ను నడిపేదీ ఇదే సంకేతం. నీళ్లు మరుగుతున్నా ఈసీయూకు అంతా మామూలుగానే కనిపిస్తుంది. చవక రెసిస్టర్‌తో హెడ్డు వంకరపోవడం ఏం పొదుపు?

అసలు వైరింగూ ఈసీయూ ఉంటే తంటా లేదు కదా అన్నది గట్టి అభ్యంతరమే. ఉంటే అదే ఉత్తమం. కానీ తాళంచెవిలోని చిప్‌ను గుర్తిస్తేనే ఇమ్మొబిలైజర్ ఇంజెక్టర్లను పనిచేయనిస్తుంది, తుక్కు బండితో పాటు తాళంచెవి ప్రతిసారీ రాదు. అప్పుడు దారి విడి ఈసీయూ. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో రూపొందించిన మెగాస్క్వర్ట్, ఆ తర్వాత వచ్చిన స్పీడ్యూనో ఇలాంటివే. లాంబ్డాను మాత్రం కలపనే వద్దని నేననను. దాన్ని చివర కలిపి, మిశ్రమాన్ని సరిచూసుకోవాలి. అది లేకుండా నడిచే బండి పొగ ఊళ్లోవాళ్లు పీల్చాలి.

కాబట్టి పాత ఇంజిన్ కొనేవారికి నా మనవి ఒక్కటే. తీగలు కోయకముందే వెళ్లండి. ఇంజిన్‌తో పాటు వైరింగు, ఈసీయూ, దొరికితే తాళంచెవి కూడా అడిగి తీసుకోండి. ప్రతి సాకెట్ మీదా పేరు రాసిన చీటీ అంటించాకే విప్పమనండి.