ఊరంతా సాక్షులే, నోరు విప్పేవారేరీ?

దొంగసరుకు దిగే తీరగ్రామంలో అపరాధ పరిశోధన కథ నడిపితే, అసలు చిక్కుముడి హంతకుడి పేరులో ఉండదు, ఊరి మౌనంలో ఉంటుంది. 1747లో ఇంగ్లండ్‌లోని హాక్‌హర్స్ట్ ముఠా పూల్ రేవులో కస్టమ్స్ కొట్టు పగలగొట్టి, అధికారులు పట్టుకున్న తేయాకును తిరిగి ఎత్తుకుపోయింది. దారిలో ముఠావాడొకడు తనకు తెలిసిన చేటర్ అనే చెప్పులు కుట్టేవాడికి ఓ తేయాకు సంచి విసిరాడు. ఏ డిటెక్టివ్ రచయితకైనా ఆ సంచి చాలు! మరుసటి ఏడాది సాక్ష్యానికి బయల్దేరిన చేటర్‌నూ, వెంట ఉన్న కస్టమ్స్ ఉద్యోగి గ్యాలీనీ ముఠా చంపేసింది.

మౌనానికి భయమే కారణమని అనవచ్చు. అది సగం నిజమే. చౌక తేయాకు అందరికీ కావలసిందే, సరుకు మోసినవాడికి కూలీ గిట్టేది. 1784లో సుంకాన్ని 119 నుంచి 12.5 శాతానికి దించాక తేయాకు దొంగరవాణా కుప్పకూలింది. భయమొక్కటే దాన్ని నిలబెట్టి ఉంటే, పన్ను తగ్గినంత మాత్రాన కూలేది కాదు. ఇక ఆ జంట హత్యల సంగతి: 1749 జనవరిలో చిచెస్టర్‌లో ఏడుగురికి మరణశిక్ష పడింది.